సంగు వాటా

‘వంత పాడటం’ అనే మాటను మనం రెండు రకాలుగా వాడతాం. కథ చెప్పేవాడి పక్కన నిలబడి, అతను వదిలిన చివరి మాటను అందుకుని పాడటం ఒకటి. అది కళ. ఒకడు చేసే చెడ్డపనికి తల ఊపుతూ చేయి కలపటం రెండోది. అది నేరం. పాడేది మగవాడై, వంత ఆడదైనప్పుడు ఈ రెండర్థాలూ ఒకే మనిషి మీదికి ఎలా వచ్చి చేరతాయో తెలుసుకోవటానికి నాకు బాలనాగమ్మ కథ పనికొచ్చింది. ముఖ్యంగా అందులోని సంగు.

మా తరం వరకూ బాలనాగమ్మ కథ వినని ఆడపిల్ల మావైపు ఉండేది కాదు. మాయల ఫకీరు భిక్షగాడి వేషంలో వస్తాడు. ఉయ్యాల్లో బిడ్డను వదిలి గడప దాటిన బాలనాగమ్మను కుక్కగా మార్చి నాగళ్లపూడి గట్టుకు తీసుకుపోతాడు. వెతుక్కుంటూ వచ్చిన భర్త కార్యవర్ధిరాజునూ అతని వాళ్లనూ రాళ్లు చేస్తాడు. వ్రతం పట్టానని చెప్పి బాలనాగమ్మ అతన్ని ఏళ్ల తరబడి దూరంగా నిలబెడుతుంది. ఉయ్యాల్లో బిడ్డ బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై వస్తాడు. పూలమ్మే తంబళి పెద్ది ఇంట్లో తలదాచుకుంటాడు. ఫకీరు ప్రాణం ఎక్కడో దూరాన చిలుకలో ఉందని తల్లి ద్వారా తెలుసుకుని, ఆ చిలుకను పట్టి, అతన్ని చంపి తల్లిని విడిపిస్తాడు. ఇదీ స్థూలంగా కథ. చెప్పేవాళ్లను బట్టి, ఊరిని బట్టి వివరాలు మారతాయి. సంగు మాత్రం ఎక్కడైనా ఉంటుంది. ఆమె ఫకీరు ఉంచుకున్న మనిషి, అతని ఇంటిదాని వంటిది.

పెద్దపల్లి 2016 అక్టోబరు 11న జిల్లా అయింది. నా చిన్నప్పుడు, అంటే 1970లలో, కరీంనగర్ జిల్లాలో రైలు ఆగే ఒక ఊరు. పంటలు ఇల్లు చేరాక బుడిగ జంగాలు వచ్చేవాళ్లు. నడుమ తంబుర పట్టుకుని ఒకతను, అటొకరు ఇటొకరు గుమ్మెటలు కొడుతూ ఇద్దరు ఆడవాళ్లు. రాజు మాటలూ ఫకీరు మాటలూ అన్నీ అతనివే. బాలనాగమ్మ ఏడుపు కూడా అతనే ఏడ్చేవాడు. సంగు మాట వచ్చేసరికి మాత్రం కుడిపక్క ఆమె గొంతు సవరించుకునేది. ‘ఎన్నొద్దులు ఏడుస్తవే పిల్లా, ఇంత బువ్వ తిను, ఒప్పుకుంటె నీకే సుఖం’ అని ఆమె అంటుంటే పిల్లలమంతా ఉమ్మేవాళ్లం. మాకు నాగళ్లపూడి గట్టు అంటే రామగిరి గుట్టలే. ఆ గుట్టల మీద ఎక్కడో సంగు పొయ్యి ఊదుతూ ఉంటుందని మా నమ్మకం.

మర్నాడు పొద్దున అదే ఆమె జోలె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. కథ చెప్పినతను చెట్టుకింద చుట్ట కాల్చుకునేవాడు. ‘ఏమే సంగూ, ఫకీరు పంపిండా?’ అని మా ఆడవాళ్లు పరాచికాలాడుతూ గింజలు పోసేవాళ్లు. ఆమె నవ్వేది. ఆ నవ్వులో ఏముందో పదేళ్ల పిల్లకు తెలిసే అవకాశం లేదు. కథలో పేరు అతనిది, గింజలు అడుక్కునే పని ఆమెది, నింద కూడా ఆమెదే అన్న లెక్క నేను చాలా ఏళ్ల తర్వాత కట్టుకున్నాను.

ఇప్పుడు ఆ కథను తిరిగి తలుచుకుంటే నాకు కనిపించేది సంగు చేసే పని. ఫకీరు అద్దంలో చూస్తాడు, మంత్రం వేస్తాడు, దేశాలు తిరుగుతాడు. ఎత్తుకొచ్చిన మనిషికి తిండి పెట్టటం, తాళం చూసుకోవటం, గట్టు చుట్టూ ఎవరు తిరుగుతున్నారో కనిపెట్టటం, ‘ఒప్పుకో’ అని రోజూ చెవిలో పోరటం సంగు వంతు. మంత్రం వేయటం ఒక్క క్షణం పని. ఒక మనిషిని ఏళ్ల తరబడి బతికించి బంధించి ఉంచటం రోజువారీ చాకిరీ. నేరానికి కూడా ఇంటిపని ఉంటుంది. అది ఎవరు చేయాలన్నది మన కథలు ఎప్పుడో తేల్చేశాయి.

అదే కథలో తంబళి పెద్ది కూడా ఉంది. ఆమె కూడా ఒక మగవాణ్ని ఇంట్లో దాస్తుంది. మనవడని అబద్ధం చెప్పి, పూలబుట్ట మాటున లోపలికి చేరవేస్తుంది. బాలనాగమ్మ కూడా తీపి మాటలతోనే ఫకీరు నోట ప్రాణరహస్యం రాబడుతుంది. దాచటం, అబద్ధమాడటం, మాయమాటలు చెప్పటం ముగ్గురు ఆడవాళ్లూ చేస్తారు. ఒకరిది పాతివ్రత్యం, ఒకరిది సాయం, ఒకరిది తొత్తు పని. ఆ పని ఏ మగవాడికి ఉపయోగపడిందో చూసి కథ పేరు పెడుతుంది. కొడుకుకు ఉపయోగపడితే పెద్దమ్మ, ఫకీరుకు ఉపయోగపడితే సంగు. మంచికి చేసిన సాయమూ చెడుకు చేసిన సాయమూ ఒకటేనని నేననటం లేదు. బంధించిన చెయ్యీ విడిపించిన చెయ్యీ ఒకటి కావు. కానీ ఆ తేడాను చెప్పే బాధ్యత తీసుకున్న కథ, సంగు అక్కడికి ఎలా వచ్చిందో ఒక్క మాట కూడా చెప్పదు. ఆమెను కూడా ఒకప్పుడు అద్దంలో చూసే తెచ్చాడా? మొదటి ఏడాది ఆమె కూడా ఏడ్చిందా? మా వాకిట్లో చెప్పిన కథలో ఫకీరు చావు గంటసేపు నడిచేది. సంగు ఏమైందో చెప్పేవాళ్లు కాదు.

ఈ కథ రంగస్థలం మీదికి వెళ్లాక, తెర మీదికి వెళ్లాక సంగుకు కొంత చోటు దొరికింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి నాటక సమాజాల ప్రదర్శనల్లో బాలనాగమ్మ ముఖ్యమైనది. మిగతా సమాజాల్లో మగవాళ్లు ఆడవేషాలు కడుతున్న రోజుల్లోనే సురభి కుటుంబాల స్త్రీలు స్వయంగా రంగం మీదికి వచ్చారు. ఒకే ఇంటి ఆడవాళ్లు ఒకరు బాలనాగమ్మ, ఒకరు సంగు. తెర వెనక ఒకే పొయ్యి, ఒకే అద్దం. పతివ్రతకూ తొత్తుకూ మధ్య ఉన్న దూరం వాళ్లకు వేషం మార్చుకునేంతే. 1942లో జెమినీ వాళ్లు సి. పుల్లయ్య దర్శకత్వంలో బాలనాగమ్మ తీశారు. కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ, పుష్పవల్లి సంగు. 1936 సంపూర్ణ రామాయణంలో చిన్నపిల్లగా సీత వేషంతో తెరకు పరిచయమైన పుష్పవల్లి ఆరేళ్లకు సంగు అయింది. 1959లో వేదాంతం రాఘవయ్య మళ్లీ అదే కథను ఎన్టీఆర్, అంజలీదేవి, ఎస్వీ రంగారావులతో తీశారు. మా అమ్మ తరం ఆడవాళ్లు ఆ సినిమా గురించి మాట్లాడేటప్పుడు ఎస్వీ రంగారావు అట్టహాసం గురించి ఎంతో ఇష్టంగా చెప్పేవాళ్లు. మాయల ఫకీరు దుర్మార్గం చూసి ముచ్చటపడొచ్చు. మగ దుర్మార్గానికి మన దగ్గర ఆ గౌరవం ఉంది. సంగు పేరు మాత్రం ఇరుగుపొరుగు ఆడవాళ్లను తిట్టుకోవటానికి మిగిలింది.

ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునే ఉద్యోగంలో ఉండటం వల్ల నాకు సంగుకు ఇంగ్లండులో ఒక తోడు దొరికింది. ఆమె పేరు మిసెస్ లవెట్. 1846 నవంబరు నుంచి 1847 మార్చి దాకా లండన్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ నడిపిన చవక వారపత్రికలో ‘ద స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్’ అనే సీరియల్ వచ్చింది. పేరు లేకుండా అచ్చయిన ఆ కథను జేమ్స్ మాల్కం రైమర్, థామస్ పెకెట్ ప్రెస్ట్‌లలో ఒకరో ఇద్దరో రాసి ఉంటారని పరిశోధకులు అంటారు. ఫ్లీట్ స్ట్రీట్‌లో స్వీనీ టాడ్ అనే మంగలి కుర్చీలో కూర్చున్న డబ్బున్నవాళ్లను నేలమాళిగలోకి దొర్లించి చంపి దోచుకుంటాడు. ఆ శవాలు సెయింట్ డన్‌స్టన్ చర్చి కింది సొరంగం గుండా బెల్ యార్డ్‌లోని మిసెస్ లవెట్ దుకాణానికి చేరతాయి. ఆమె వాటితో ‘పై’లు చేయించి అమ్ముతుంది. ‘పై’ అంటే మాంసం కూరి పొయ్యిలో కాల్చిన మన కజ్జికాయ వంటిదనుకోండి. సీరియల్ ఇంకా ముగియకముందే, 1847 మార్చి 1న జార్జ్ డిబ్డిన్ పిట్ దాన్ని నాటకంగా హాక్స్‌టన్‌లోని బ్రిటానియా థియేటర్‌లో ఆడించాడు. కథ ఎలా ముగుస్తుందో పాఠకులకు తెలిసేలోపే ప్రేక్షకులు లవెట్‌ను రంగం మీద చూసేశారన్నమాట.

ఆ కథలో లవెట్ గురించి రచయితకు ముఖ్యంగా తోచింది ఆమె నవ్వు. దగ్గర్లోని న్యాయవాదుల గుమస్తాలు మధ్యాహ్నం కాగానే ఆమె దుకాణానికి ఎగబడతారు. ఆ నవ్వు తనకోసమేనని ప్రతివాడూ అనుకుంటాడు. టాడ్ దగ్గర కత్తి ఉంది, కుర్చీ ఉంది. ఆమె దగ్గర పొయ్యి, నవ్వు ఉన్నాయి. అతను శవాన్ని ఒక్కసారి పడేస్తాడు. దాన్ని తినే వస్తువుగా మార్చి, వేడివేడిగా వడ్డించి, ఎవరికీ అనుమానం రాకుండా చూసే బాధ్యత ఆమెది. నాగళ్లపూడి గట్టుకూ బెల్ యార్డ్‌కూ ఎన్ని వేల మైళ్ల దూరమైనా పనుల పంపకం ఒకటే.

ముగింపు కూడా గమనించదగ్గది. 1847 కథలో లవెట్‌ను చట్టం చంపదు. గుట్టు బయటపడిన సమయానికే స్వీనీ టాడ్ ఆమె తాగే సారాయిలో విషం కలిపి ఉంచాడు. ఆమె అక్కడే పడిపోతుంది. అతన్ని ఉరితీయటానికి రాజ్యం ఉంది. ఆమెను చంపే పని మాత్రం రాజ్యం దాకా పోలేదు, భాగస్వామే చేశాడు.

ఇంకో విషయం. తర్వాత వచ్చిన నాటకాలు ఈ ఇద్దరిలో ఎవరికి దయ చూపించాయో చూడండి. మొదటి కథలో టాడ్ చంపింది డబ్బాశతో. క్రిస్టఫర్ బాండ్ రాసిన నాటకంలో అతనికి ఒక గాయం దొరికింది. దుర్మార్గుడైన న్యాయమూర్తి అన్యాయంగా దేశాంతరం పంపాడు, భార్యను చెరిచాడు, అందుకే పగ. ఆ నాటకం మీద ఆధారపడి స్టీఫెన్ సాండ్‌హైమ్ సంగీతంతో, హ్యూ వీలర్ రచనతో 1979లో బ్రాడ్వేలో వచ్చిన సంగీత నాటకం లోకమంతా ఆడింది. ఏంజెలా లాన్స్‌బరీ అందులో లవెట్. 2007లో టిమ్ బర్టన్ సినిమాలో హెలెనా బోనం కార్టర్. ఈ కొత్త లవెట్ పేదరాలు, విధవ, మాంసం కొనే దిక్కులేక ఊళ్లోకెల్లా చెత్త పైలు అమ్ముకునే మనిషి. ఆమెకు ఆకలి ఇచ్చారు, హాస్యం ఇచ్చారు, ప్రేమ కూడా ఇచ్చారు. ఇవన్నీ ఇచ్చి, శవాలతో పైలు చేద్దామన్న ఆలోచన కూడా ఆమెకే ఇచ్చారు. టాడ్ భార్య బతికే ఉందన్న నిజాన్ని దాచిన పాపం కూడా ఆమెదే అయింది. చివరికి టాడ్ ఆమెను ఆమె పొయ్యిలోకే తోస్తాడు. నూటముప్పై ఏళ్లలో మగవాడికి కారణం దొరికింది. ఆడదానికి పథకం దొరికింది.

తరగతిలో ఈ విషయం చెప్పినప్పుడు మంథని వైపు నుంచి వచ్చే ఒక పిల్ల, ‘మేడం, మరి పైసలెవరికి పోయినయి?’ అనడిగింది. సాహిత్య విమర్శలో నేను చదివిన చాలా ప్రశ్నల కన్నా అది సూటిగా ఉంది. ఆ రోజు నుంచి నేరంలో చేయి వేసిన ఆడమనిషి ఏ కథలో కనిపించినా నేను మూడు వాటాలు అడుగుతున్నాను. నిర్ణయంలో ఆమె వాటా ఎంత? రాబడిలో ఎంత? శిక్షలో ఎంత?

ఈ మూడు ప్రశ్నలు నాకు పుస్తకాల కన్నా ముందు మా ఇంటి నుంచే రావలసింది. మా మేనత్త ఒకామె ఉండేది. మామ బీడీ కమీషన్‌దారు. కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు తెచ్చి చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లకు పంచి, చుట్టిన బీడీలు తిరిగి తీసుకునేవాడు. తెచ్చేది అతను. పంచేది, తీసుకునేది అత్త. 1980లలో నేను సెలవులకు పోయినప్పుడు చూసిన దృశ్యం ఇదే: వాకిట్లో చాపేసుకుని, ముందు కాటా పెట్టుకుని అత్త. ఆమె ముందు చాటల్లో బీడీ కట్టలతో ఆడవాళ్ల వరుస. అత్త కట్టను వేళ్ల మధ్య తిప్పి చూసి, బాగలేవన్నవి పక్కకు తీసేది. పక్కకు తీసినవాటికి కూలి లేదు. కానీ అవి పారేసేవాళ్లు కాదు. సాయంత్రం మామ వాటిని వేరే సంచిలో కట్టుకుని పోయి అమ్ముకునేవాడు. ఆకు ఇచ్చేటప్పుడు తూకం తక్కువ, బీడీలు తీసుకునేటప్పుడు లెక్క ఎక్కువ. ఆకు చాలకపోతే ఆ ఆడవాళ్లే బజార్లో కొనుక్కుని నింపాలి.

వాళ్లు అత్తను సంగు అనేవాళ్లు. ఆమెకు వినపడేలాగే అనేవాళ్లు. జ్వరమొచ్చిన పిల్లను చంకనేసుకుని వచ్చిన ఒకామె కట్టల్లోంచి అత్త నాలుగు కట్టలు పక్కకు తీయటం నేను చూశాను. ‘అక్కా, ఇయ్యాల ఒక్కదినం’ అని ఆమె అడిగింది. అత్త తలెత్తలేదు. ఇది దాచి అత్త గురించి రాయలేను. ఇంకొకటి కూడా దాచలేను. కాటా ముందు కూర్చున్నప్పుడు అత్త నడుము నిటారుగా ఉండేది. ఆ ఇంట్లో ఆమె మాట ఎవరూ వినరు. కూర ఏం వండాలో కూడా మామే చెప్పాలి. పొద్దున ఆ రెండు గంటలు మాత్రం నలభై యాభై మంది ఆడవాళ్లు ఆమె చూపు కోసం నిలబడతారు. ఆ అధికారం ఆమెకు రుచించింది. మిసెస్ లవెట్ నవ్వు గురించి చదివినప్పుడు నాకు అత్త నిటారు నడుమే గుర్తొచ్చింది.

ఒకసారి కార్మిక సంఘం వాళ్లు వచ్చి తూకం గురించి నిలదీశారు. మామ చేతులు జోడించి, ‘అన్నా, నాకేం ఎరుక? నేను ఊర్లు పట్టుకొని తిరిగేటోణ్ని. తూకం, లెక్క అంత ఇంట్ల ఆమెదే. ఆడిదాని బుద్ధి, మీరే చెప్పుండ్రి’ అన్నాడు. అత్త అర్రలో గడపకు అటువైపు నిలబడి విన్నది. ఏమీ అనలేదు. మర్నాటి నుంచి కాటా దగ్గర మామ కూర్చున్నాడు, కొన్నాళ్లు సరిగ్గా తూచాడు, మంచివాడని పేరు తెచ్చుకున్నాడు. తర్వాత మళ్లీ కాటా అత్త ముందుకే వచ్చింది. ఇల్లు, పొలం, పట్నంలో కొన్న జాగా అన్నీ మామ పేరు మీదే ఉన్నాయి. ముసలితనంలో నాతో ఒకసారి అన్నది: ‘పైస నా చేతికి రాలే బిడ్డా. తిట్లు మాత్రం అన్ని నాకే వచ్చినయి.’

ఆమె పోయినప్పుడు బీడీలు చుట్టిన ఆడవాళ్లలో కొందరు రాలేదు. వచ్చినవాళ్లలో ఒకామె, ‘తూకం తక్కువ పెట్టింది నిజమే. కాటా ఎవరిదో గూడ మాకెరుకే’ అన్నది. అందులో క్షమాపణ లేదు, కసి కూడా లేదు. నలభై ఏళ్లు కూలి పోగొట్టుకున్న మనిషి ఖచ్చితంగా కట్టిన లెక్క అది. అత్త తప్పును తగ్గించలేదు, మామ తప్పును అత్త ఖాతాలో రాయలేదు. మన విమర్శకు ఈ పాటి ఖచ్చితత్వం అలవడితే బాగుండుననుకుంటాను.

ఎందుకంటే ఇలాంటి ఆడమనిషి ఎదురైనప్పుడు సమాజం దగ్గర రెండే మాటలున్నాయి. ఒకటి ‘ఆడదానికి ఆడదే శత్రువు’. రెండోది ‘పాపం, ఆమె చేతుల్లో ఏముంది’. పాతకాలపు ఇంగ్లీషు చట్టం రెండో మాటను సూత్రంగానే పెట్టుకుంది. హత్య, రాజద్రోహం వంటివి మినహాయిస్తే, భర్త ఎదుట భార్య నేరం చేస్తే అతని బలవంతం వల్లే చేసిందని మొదటే అనుకునేవాళ్లు. ఆ భావన 1925లో గానీ పోలేదు. పెళ్లయిన స్త్రీకి సొంత మనసు లేదన్న ఈ దయ వెనక, ఆమెకు సొంత ఆస్తి లేదన్న చట్టమే ఉంది. అదే కాలపు చవక కథలు మాత్రం మొగుడు లేని లవెట్‌కు ఉండవలసిన దానికన్నా ఎక్కువ మనసు ఇచ్చాయి. భార్యకు బుద్ధే లేదు, విధవకు దుర్బుద్ధి తప్ప లేదు. మధ్యలో మామూలు ఆడమనిషి నిలబడే చోటు ఏదీ?

మన దగ్గర 1983లో శిక్షాస్మృతిలో 498ఎ చేరినప్పుడు ‘భర్త లేదా భర్త బంధువు’ అన్నారు. 2024 జులై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది. చట్టంలోని బంధువుకు ఆడా మగా లేదు. వాడుకలో మాత్రం ఆరళ్లు అనగానే అత్త, ఆడబిడ్డ. కోడలిని కాల్చుకుతిన్న అత్తకు శిక్ష పడాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. కట్నం మాట్లాడినవాళ్లలో ఆమె ఉందా, ఆ డబ్బు ఎవరి అప్పు తీర్చింది, బండి ఎవరి పేరు మీద కొన్నారు అని కూడా అడగమంటున్నాను. అడగకపోతే మామ, కొడుకు ఇద్దరూ చేతులు జోడించి ‘నాకేం ఎరుక, ఇంట్ల ఆమెదే నడుస్తది’ అంటారు. మనం నమ్ముతాం. నమ్మటానికి మనకు సంగు కథ చిన్నప్పటి నుంచే నేర్పారు.

స్త్రీవాద సాహిత్యం అన్యాయం జరిగిన స్త్రీలను పురాణాల నుంచి వెనక్కి తెచ్చుకుంది. ఓల్గా ‘విముక్త’ కథల్లో శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ సీతతో మాట్లాడారు. అది మనందరికీ బలమిచ్చిన పని. అన్యాయంలో చేయి వేసిన స్త్రీలతో మాట్లాడటం ఇంకా మిగిలి ఉంది. ఇది అంత సుఖంగా ఉండే పని కాదు. శూర్పణఖ ముక్కు కోసినవాళ్లు వేరే ఉన్నారు, ఆమె పక్కన నిలబడటం సులువు. సంగు చేతిలో తాళం చెవి ఉంది. ఆమె పక్కన నిలబడితే బాలనాగమ్మ కళ్లలోకి చూడాల్సి వస్తుంది. ఆమెను బాధితురాలిగా మార్చి చేతులు దులుపుకుంటే, జ్వరమొచ్చిన పిల్లను ఎత్తుకుని వరుసలో నిలబడ్డ ఆమెకు ద్రోహం చేసినవాళ్లమవుతాం. ఆమె మీద ఉమ్మేసి పోతే ఫకీరుకు మేలు చేసినవాళ్లమవుతాం.

కాబట్టి సంగును నేను విడిచిపెట్టమని అడగను. ఆమె పేరు మీద లెక్క సరిగ్గా రాయమని అడుగుతాను. ఎన్ని పూటలు తాళం వేసింది, ఎన్ని పూటలు వండి పెట్టింది, ఎవరు చెబితే చేసింది, ఏది తనంతట తాను చేసింది, అందుకు ఏం దొరికింది. రాసి చూస్తే ఆమె అప్పు తప్పకుండా తేలుతుంది. ఫకీరు అప్పు ఎంతో కూడా అప్పుడే తేలుతుంది. ఇన్నాళ్లూ అది ఆమె పద్దులో దాగి ఉంది.